మా అక్క పాటను దింపుకున్నాను

దయ్యాలు, ఆత్మలు అనే మాటలు వింటే నాకు మొదటి నుంచీ చిరాకు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పోచారం కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా తిరిగాను. తూముల దగ్గర, కట్టల మీద, వల్లకాడు పక్క నుంచి కూడా ఒంటరిగా నడిచాను. భయపడింది పాములకు, నీళ్ల వంతు కోసం గొడ్డళ్లు పట్టుకొని వచ్చే రైతులకు మాత్రమే.

రోజూ డైరీ రాసే మనిషిని. చూసింది ఒకటి, అనుకున్నది ఒకటి అని విడదీసి రాయడం అలవాటైంది. ఇక్కడ కూడా అట్లాగే రాస్తున్నాను. ఎక్కడైనా నా ఊహ కలిస్తే అది ఊహ అని చెబుతాను.

మా అక్క నర్సవ్వ ఎల్లారెడ్డిలో ఉండేది. బావ తొందరగా పోయాడు. అక్క నాట్లకు, కలుపులకు కూలికి పోయి ఒక్కగానొక్క కొడుకు రాజేందర్‌ను పెంచింది. మడిలో పాట ఎత్తుకోవడం ఆమె పని. ఆమె ఒక వరుస పాడి ఆగేది. ఆగిన జాగలో మిగతా ఆడవాళ్లందరూ కలిసి అందుకునేవాళ్లు.

ఎల్లారెడ్డిలోనే సాయిలు అని, పెండ్లి వీడియోలు తీసే ఆయన ఉన్నాడు. పెండ్లిళ్లు లేని రోజుల్లో పాత పాటలు వచ్చిన ముసలివాళ్లను వెతికి, వీడియో తీసి, ఆన్‌లైన్‌లో తన ఛానల్‌లో పెడతాడు. అక్క పోయే ముందటి వానకాలంలో ఆమెను కూడా తీశాడు. ఆమె ఇంటి అరుగు మీద ఆమె ఒక్కతే కూర్చుంది. అందుకునే ఆడవాళ్లు ఎవరూ లేరు. అయినా వరుస వరుసకూ ఆగి, మోకాలి మీద బొటనవేలితో తాళం వేసుకుంటూ, అందరూ పలికేంత సేపు ఊరుకొని, తర్వాతి వరుస ఎత్తుకుంది.

"ఎందుకాగుతున్నవవ్వా, నడిపియ్యరాదు" అని సాయిలు అన్నాడట.

"గా జాగ నాది కాదు బిడ్డా, కూలోళ్లది. నేనెట్ల తొక్కుత" అన్నదట.

ఈ మాటలు వీడియోలో లేవు. సాయిలు నాకు చెప్పినవి. వీడియోలో ఆ ఖాళీ జాగల్లో ఉన్నది ఒక కోడి అరుపు, ఎక్కడో దూరంగా బోరు మోటరు చప్పుడు. అంతే. ఈ సంగతి నేను గట్టిగా చెప్పగలను. ఎందుకంటే ఆ వీడియో నాకు కంఠతా వచ్చినన్ని సార్లు చూశాను.

అక్క గుండె ఆగి పోయింది. కామారెడ్డి నుంచి నేనూ నా భార్య పుష్పా వెళ్లేసరికి అంతా సిద్ధంగా ఉంది. రాజేందర్ కామారెడ్డిలో ప్లాట్ల వ్యాపారంలో పైకి వచ్చినవాడు. పాడె మోయడం వద్దని అద్దాల బండి పిలిపించాడు.

మా దిక్కు శవాన్ని తీసుకుపోతూ నడుమ ఒకచోట దింపుతారు. దింపుడు కళ్లం అంటాం. ముందు కొడుకు, ఆ తర్వాత తోడబుట్టినవాళ్లు చెవి దగ్గరికి వంగి మూడుసార్లు పిలుస్తారు. ఎక్కడన్నా కొన ఊపిరి ఉంటే పలుకుతారని. పలకరని అందరికీ తెలుసు. అయినా పిలుస్తారు. పిలవకుండా పంపితే తరిమినట్టు ఉంటుంది.

ఆ జాగ రాగానే బండి నెమ్మదించింది. నేను వెనక ఆటో దిగి పోయి, "దింపుండ్రి" అన్నాను.

డ్రైవర్ పక్కన కూర్చున్న రాజేందర్ తల బయటికి పెట్టాడు. "డాక్టరే సూసి చెప్పిండు గద మామా, ఇంక పిలుసుడేంది? మొగులైంది, వాన పడ్తది. పోనియ్యన్నా" అని డ్రైవర్ భుజం తట్టాడు.

బండి కదిలింది. నేను రోడ్డు మీద నిలబడి ఉన్నాను. మేనల్లుడిని నేను ఆ రోజు నుంచి క్షమించలేదు. ఇది కూడా రాసుకోవలసిన నిజమే.

కొన్ని నెలలు గడిచాక కామారెడ్డిలో ఒక విందులో, రాజేందర్‌తో వ్యాపారం చేసే వాళ్లలో ఎవరో ఫోన్‌లో అక్క వీడియో పెట్టి, బంతిలో అందరికీ చూపించాడు. "రాజేందర్ సేటు, మీ అవ్వ మస్తు పాడుతుంది. మా పొలంల నాటుకు గిట్ల ఒకనాడు పంపకపోతివి" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. రాజేందర్ విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. మర్నాడే సాయిలుకు ఫోన్ చేసి, మా అవ్వ సంతకం లేకుండా ఎట్ల పెట్టినవు, తీసేయకపోతే కేసు పెడతానని బెదిరించాడు.

సాయిలు పిల్లలు గలవాడు, భయపడ్డాడు. నాకు ఫోన్ చేసి, "తీసేస్తున్న సారూ. తీసినంక మల్ల దొరకదు. గీ లోపల మీకు గావాల్నంటే దింపుకోండ్రి" అన్నాడు. అసలు ఫైలు ఇస్తావా అంటే, కెమెరా కార్డు ఖాళీ చేసి వేరే పెండ్లికి వాడుకున్నానన్నాడు. అంటే లోకంలో అక్క గొంతు ఉన్నది ఆ ఒక్క చోటే. ఆమె ఒక్క ఫోటో కూడా సరిగ్గా దిగలేదు.

రిటైరయ్యాక నేను కంప్యూటర్ కొద్దిగా నేర్చుకున్నాను. ఫోన్‌లో ఆ యాప్‌లోనే సేవ్ చేసుకుంటే, పెట్టినవాడు తీసేసినప్పుడు మన ఫోన్‌లోనూ మాయమవుతుంది. అందుకని కంప్యూటర్‌లోకి ఫైలుగా దింపుకోవాలి. దింపే సాఫ్ట్‌వేర్‌కు లింకు ఇస్తే రకరకాల సైజులు చూపిస్తుంది. 360లో మనిషి మసక. 720లో ముఖం తెలుస్తుంది. నేను అన్నిటికంటే పైదైన 1080 ఎంచుకున్నాను. ఆ పై రకంలో ఒక చిక్కు ఉంది. బొమ్మ ఒక ఫైలుగా, శబ్దం ఇంకో ఫైలుగా దిగుతాయి. రెండింటినీ తర్వాత ఇంకో సాఫ్ట్‌వేర్‌తో అతకాలి.

"బువ్వ సల్లారుతుంది, ఏం జేస్తున్నవు?" అని పుష్ప వంటింట్లో నుంచి అడిగింది.

"అక్కను దింపుతున్న" అన్నాను.

మా దిక్కు డౌన్‌లోడ్‌ను దింపుడు అనే అంటాం. ఆలోచించి అన్న మాట కాదు. పుష్ప గడప దాకా వచ్చింది. "గట్లనకు. పాటను దింపుతున్న అను" అన్నది.

నేను నవ్వి, బొమ్మ వేరుగా, గొంతు వేరుగా దిగుతున్నాయని చూపించాను.

"మనిషిని ఒకదిక్కు, గొంతును ఒకదిక్కు చేసిందా. నీ కంప్యూటర్ గుడ మీ మేనల్లుని లెక్కనే ఉన్నది" అని వెళ్లిపోయింది.

ముందు శబ్దం ఫైలు దిగింది. బాగా దిగిందో లేదో చూద్దామని పెట్టాను. అక్క మొదటి వరుస పాడి ఆగింది. కోడి అరిచింది. ఆ తర్వాత, ఆ ఖాళీ జాగలో, "ఆఁ" అని వినిపించింది.

గట్టిగా కాదు. ఇంట్లో నుంచి ఎవరో పిలిస్తే అరుగు మీది మనిషి చేతిలో పని ఆపకుండా పలికినట్టు. అక్క గొంతే. రెండో వరుస తర్వాత మళ్లీ "ఆఁ". మూడో వరుస తర్వాత మళ్లీ. నాలుగో జాగ నుంచి చివరి దాకా ఎప్పటిలాగే కోడి, మోటరు.

నేను కంగారుపడలేదు. ముందు ఫోన్‌లో ఆన్‌లైన్ వీడియో తెరిచి, కంప్యూటర్ పక్కన పెట్టి, రెండూ ఒకదాని తర్వాత ఒకటి విన్నాను. ఫోన్‌లో ఆ పలుకు లేదు. దింపిన ఫైలులో ఉంది. పుష్పను పిలిచి, ఏమీ చెప్పకుండా వినమన్నాను. మూడో "ఆఁ" దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ కొత్తగా దింపాను. అందులోనూ ఉంది.

బొమ్మను, శబ్దాన్ని అతికి చూశాను. పై రకం కదా, ఏదీ దాగదు. గడ్డం మీది పచ్చబొట్టు, పెదవుల పగుళ్లు కూడా తెలుస్తున్నాయి. ఆ మూడు జాగల్లోనూ అక్క పెదవులు మూసుకొనే ఉన్నాయి. బొటనవేలు తాళం వేస్తూనే ఉంది.

సాయిలుకు ఫోన్ చేశాను. ఎత్తగానే అతను అడిగిన మాట, "సారూ, అక్కను దింపిండ్రా?"

రేపు వస్తున్నానని మాత్రం చెప్పి పెట్టేశాను.

మర్నాడు పెన్‌డ్రైవ్ తీసుకొని బస్సులో ఎల్లారెడ్డి పోయాను. సాయిలు తన స్టూడియోలో పెద్ద స్పీకర్ల మీద విన్నాడు. తల గోక్కున్నాడు. వేరే వీడియో శబ్దం కలిసిందేమో అన్నాడు, ఎకో అన్నాడు. "తీసేటప్పుడు చెవులకు ఇయర్‌ఫోన్ పెట్టుకొనే ఉన్న సారూ. అవ్వ గట్ల పలుకలే. పలికితే నేను ఆపి మల్ల తీద్దును" అన్నాడు.

మేము మాట్లాడుతుండగానే రాజేందర్ ఫోన్ వచ్చింది, ఇంకా తీయలేదేమని. సాయిలు నా ముందే వీడియో తీసేశాడు. ఇక పోల్చి చూడడానికి ఏమీ మిగలలేదు. నా దగ్గర ఉన్నదే ఉన్నది.

సాయిలు ఏం చెప్పాడో తెలియదు, రెండు మూడు రోజులకు రాజేందర్ కామారెడ్డిలో మా ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం పూట. చెప్పులు విడుస్తూనే, "ఏంది మామా, రిటైరైనంక పనిలేక దయ్యాల సినిమాలు తీస్తున్నవంట" అన్నాడు. పుష్ప ఇచ్చిన చాయ్ పట్టుకొని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తుడిచేయమని అడగడానికి వచ్చాడని నాకు తెలుసు. తుడవనని చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

వీడియో పెట్టాను. మొదటి "ఆఁ" దగ్గర అతని చేతిలో గ్లాసు ఆగింది. మూడోది అయ్యాక గ్లాసు కింద పెట్టాడు.

"ఎవరు పిలిచిండ్రు?" అన్నాడు.

"పిలవాల్సినోళ్లు పిలవలే" అన్నాను.

ఈసారి వెటకారం చేయలేదు. "మల్ల పెట్టు" అన్నాడు. పెట్టాను. అక్క మొదటి వరుస పాడి ఆగింది. కోడి అరవగానే రాజేందర్ తెర వైపు వంగి, "అవ్వా" అన్నాడు.

"ఆఁ" అని వచ్చింది.

రెండో జాగలో పిలిచాడు. వచ్చింది. మూడో జాగలోనూ పిలిచాడు. వచ్చింది. పుష్ప గడపలో నిలబడి ఉంది. పాట చివరి దాకా ఎవరం కదలలేదు. అయ్యాక, "అత్తా, మంచినీళ్లియ్యి" అని అడిగి తాగి, నా దిక్కు చూడకుండా వెళ్లిపోయాడు. తుడిచేయమని అడగనే లేదు.

అతను వెళ్లాక నేను మళ్లీ పెట్టాను. మొదటి జాగలో కోడి. రెండో జాగలో మోటరు. మూడో జాగలోనూ మోటరే.

రెండోసారి దింపిన ఫైలు చూశాను, పెన్‌డ్రైవ్‌లోది చూశాను, అతకని శబ్దం ఫైలు కూడా విన్నాను. ఎందులోనూ లేదు. ఫైళ్ల సైజు మారలేదు, తేదీ మారలేదు. పాట మాత్రం నేను కంఠతా పట్టిన పాటే, అక్షరం పోకుండా.

రాజేందర్‌కు ఫోన్ చేశాను. "నేనెప్పుడు పిలిచిన మామా? పాట విన్న, చాయ్ తాగిన, వచ్చిన. నీ చెవులు ఒకసారి డాక్టర్‌కు చూపియ్యి" అన్నాడు. పుష్పను మాట్లాడమంటే, ఆ సంగతి నా ముందు ఎత్తకు అన్నది. సాయిలు ఎకో అన్న మాట మీదికే మళ్లీ వచ్చాడు. విన్నవాళ్లం నలుగురం. ఒప్పుకునేది నేనొక్కడినే.

ఎలక్ట్రానిక్ వస్తువుల్లో జరిగే లోపం ఏదైనా కావచ్చు. దింపేటప్పుడు ఏదో కలిసి, తర్వాత తనంతట తనే పోయి ఉండవచ్చు. అట్లా పోతుందని కంప్యూటర్ తెలిసినవాళ్లు ఎవరూ నాతో చెప్పలేదు. ముగ్గురిని అడిగాను. నవ్వకుండా విన్నది ఒక్కరే.

కొడుకు తర్వాత పిలవవలసింది తోడబుట్టినవాడు. ఒకరోజు పుష్ప కూరగాయలకు పోయిన పూట తలుపు వేసుకొని కూర్చున్నాను. అక్క మొదటి వరుస పాడి ఆగింది. "అక్కా" అన్నాను. కోడి అరిచింది. రెండో జాగలో పిలిచాను. మూడో జాగలో ఇంకాస్త గట్టిగా పిలిచాను. బోరు మోటరు ఎక్కడో నడుస్తూనే ఉంది.

ఆ పలుకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. నిలబడి పిలవడానికి కూడా తీరిక లేదన్నవాడికి పలికి, నాకెందుకు పలకలేదో అసలే తెలియదు. వీడియో నా దగ్గరే ఉంది, ఎక్కడా మసక లేకుండా. నాకు కావలసింది అదే అనుకొని దింపుకున్నాను.