పెద్దరసం కొమ్మకు ఫ్యాన్ బెల్టు

మొన్నటి గాలివానకు మా తోటలో బావి దగ్గరి పెద్దరసం మామిడి చెట్టు నిలువునా చీలిపోయింది. కోయించడానికి రంపం మనుషుల్ని పిలిపించి, నూజివీడు నుంచి మా అమ్మాయి కారులో పొద్దున్నే వెళ్ళాను, గొడుగేసుకుని కాస్త పెత్తనం చేద్దామని. ఆ పెత్తనం పది నిమిషాలు కూడా సాగలేదు. పైకెక్కినతను "పామండీ!" అని ఒక్క కేక పెట్టేసరికి గొడుగొకచోట, చెప్పులొకచోట, నేనొకచోట అయ్యాం. తీరా పాము కదల్లేదు. కత్తి మొనతో తట్టి చూసి, "రబ్బరండీ, ఏదో బెల్టులాగుంది. ప్యాంటు లేని చెట్టుకి బెల్టేంటండీ అమ్మగారూ!" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం బావి గట్టు మీద అలాగే కూలబడిపోయాను. మోకాళ్ళ నొప్పులనుకుని ఎవరో మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

ఆ బెల్టును ఆ కొమ్మకు కట్టింది నేనే.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఇంట్లో జీపు ఉందంటే ఇంకో మనిషిని పోషిస్తున్నట్టే లెక్క. మా ఆయన జీపు నాకంటే ముందే ఆ ఇంటికి వచ్చింది కాబట్టి సీనియారిటీ దానిదే. పొద్దున్నే ముందు దానికి నీళ్ళు, తర్వాత నాకు కాఫీ. మా పుట్టిల్లు చింతలపూడి. మెట్టినింటికి వచ్చిన కొత్తలో నాకు మామిడి గురించి తెలిసింది తినడం ఒక్కటే, జీపు గురించి తెలిసింది ఎక్కడం ఒక్కటే. అయినా మూడేళ్ళు తిరిగేసరికి రెండింటిలోనూ నాకు తెలియనిది లేదన్నంత ధీమా వచ్చేసింది. వచ్చిన చిక్కల్లా ఆ ధీమాతోనే.

ఆ మూడో వేసవిలో కాపు విరగకాసింది. విరగకాయడమంటే మాటవరసకు కాదు, కొమ్మలు నిజంగానే విరుగుతున్నాయి. కాయల బరువుకు కుంగిన కొమ్మలకు మా వైపు కింద ఊతకర్రలు నిలబెడతారు, కర్ర అందని కొమ్మను పైనున్న బలమైన కొమ్మకు తాడుతో వేలాడగడతారు. ఉత్త తాడైతే బెరడు కోసుకుపోతుందని ముందు గోనెసంచి ముక్క చుట్టి, దాని మీద తాడు వేస్తారు. పెద్దరసం చెట్టుకు తూర్పు వైపు కొమ్మ ఒకటుండేది. అంతకు ముందు ఏడాది మా నాన్న వచ్చినప్పుడు దాని కాయలు తిని, మోచేతి దాకా కారిన రసాన్ని తుడుచుకోవడం కూడా మర్చిపోయి, "అమ్మాయ్, వచ్చే ఏడు ఈ కొమ్మ నాదే, ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అన్నారు. ఆ ఏడు ఆయన మంచం పట్టారు. ఆ కొమ్మను నేను కంటికి రెప్పలా కాచుకుంటూ వచ్చాను.

ఒకరోజు మధ్యాహ్నం మగవాళ్ళంతా మార్కెట్టుకు పోయిన వేళ ఆ కొమ్మ కిర్రుమంది. తాడు దొరికింది కానీ గోనె ముక్క కనబడలేదు. వెతుకుతూ వెతుకుతూ షెడ్డులో ఉన్న జీపు ఎక్కి, సీటు కింద ఎండుగడ్డిలో చెయ్యి పెడితే నల్లగా నిగనిగలాడే రబ్బరు రింగు ఒకటి తగిలింది. ఎంత ముద్దొచ్చిందో! ఏ పాత సామానో పడి ఉందనుకున్నాను. రబ్బరైతే బెరడును కోయదు కదా అని నా తెలివికి నేనే మురిసిపోతూ, నిచ్చెనేసుకుని రింగును కొమ్మకు తగిలించి, తాడుతో పైకొమ్మకు బిగించాను. నా ముళ్ళన్నీ జడకుచ్చుల ముళ్ళే, పువ్వుల్లా విచ్చుకుని ఉంటాయి. ఏమైతేనేం, కొమ్మ నిలబడింది. సాయంత్రం మా ఆయనకు చెప్పి మెప్పు పొందాలనుకుని, ఏదో పనిలో పడి మర్చిపోయాను.

తర్వాత పదిరోజులకు, నాన్నకు బాగా లేదు, నన్ను చూడాలంటున్నారని చింతలపూడి నుంచి బస్సులో వచ్చినవాళ్ళు కబురు చెప్పారు. ఆ కొమ్మ కాయలు అప్పటికే కోసి, పండడానికి గడ్డిలో ముగ్గేసి ఉన్నాయి. బుట్ట నిండా పళ్ళు సర్దుకుని తెల్లవారగానే జీపెక్కాం. విస్సన్నపేట దాటి నాలుగైదు మైళ్ళు పోయామో లేదో, ముందు నుంచి టపటపమని కొట్టుకున్న చప్పుడైంది, ఆ వెంటనే పొగలు. మా ఆయన బండి పక్కకాపి, బానెట్ ఎత్తి చూసి, నా మొహంలో కంగారు చూసి నవ్వారు.

"ఏం లేదే, ఫ్యాన్ బెల్టు తెగింది. ఇంజనుకి గాలీ నీళ్ళూ ఆడక వేడెక్కింది. సీటు కింద కొత్తది పడేశాను, పది నిమిషాల్లో వేసేస్తా."

ఆయన చెయ్యి సీటు కిందికి వెళ్ళింది. ఆ చెయ్యి గడ్డిలో ఎటు తిరిగితే నా ప్రాణం అటు తిరిగింది. గడ్డంతా బయటికి లాగారు. సీటే ఊడదీశారు. నాకప్పుడు అర్థమైంది, నేను కొమ్మకు తొడిగిన ఆభరణం ఏమిటో. చెబుదామని నోరు తెరిచాను. ఆయన కోప్పడతారని భయపడితే బాగుండేది, ఆయన కోప్పడే మనిషే కాదు. నాన్న పళ్ళ కోసం నాన్న దగ్గరికి వెళ్ళే దారి నేనే తెంపుకున్నానన్న మాట నా నోటి నుంచి నేనే వినాలి, అదీ భయం. ఈలోగా ఆయనే నుదురు కొట్టుకుని, "ఛ, ఎక్కడో పెట్టి మర్చిపోయుంటా. నా తప్పే" అన్నారు. చేరాక చెబుదాంలే అని నోరు మూసుకున్నాను.

పళ్ళబుట్ట తాడు విప్పి బెల్టులా పేని వేశారు, రెండు ఫర్లాంగులకు తెగింది. చివరికి నా లంగా బొందు కూడా పురికొసతో కలిపి వేశాం. నవ్వకండి, అది తాడుకన్నా రెండు ఫర్లాంగులు ఎక్కువే నడిచింది. చింతలపూడి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది, ఇంకోటి సాయంత్రానికి గానీ లేదు. ఎదురొచ్చిన ట్రాక్టరెక్కి ఆయన బెల్టు కోసం విస్సన్నపేట వెళ్ళారు. చీర కుచ్చిళ్ళను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి బుట్ట మీద వేసి, రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడలో కూర్చున్నాను. ఎండ పెరిగేకొద్దీ పళ్ళ వాసన పెరుగుతోంది. ఆ వాసన ఆ రోజు నన్ను తిట్టినట్టు ఎవరూ తిట్టలేదు. ఆయన తిరిగొచ్చి కొత్త బెల్టు బిగించేసరికి రెండున్నర గంటలైంది.

మా వీధి మలుపు తిరగగానే వాకిట్లో జనం కనబడ్డారు. అమ్మ నన్ను పట్టుకుని ఒకటే మాట. "పొద్దుట్నుంచీ ఏ బండి చప్పుడైనా అమ్మాయి జీపేనా అని అడుగుతూనే ఉన్నారే. ఇప్పుడే తల్లీ, ఇంకా గంట కూడా కాలేదు."

మా ఆయన బుట్ట పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. ఎక్కడ దించాలో ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు అడిగిన ప్రతివాళ్ళకూ ఆయన, "స్పేర్ బెల్టు చూసుకోలేదండీ, నాదే పొరపాటు" అని చెప్పారు. ఏటేటా నాన్న తద్దినానికి వెళ్ళినప్పుడు మా అన్నయ్యకు మళ్ళీ చెప్పేవారు. మా అన్నయ్య ఒకసారి, "బావగారికి పక్కన పెళ్ళాం ఉంటే చాలు, బెల్టెందుకులే" అని అందరి ముందూ ఎత్తిపొడిచాడు కూడా. ఆయన తల వంచుకుని పప్పు కలుపుకున్నారు. నేను నెయ్యి వడ్డించాను. చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో! చుట్టాలుండేవారు, కోతలుండేవి, పిల్ల పరీక్షలుండేవి. రెండేళ్ళ కిందట ఆస్పత్రిలో ఆయన చెయ్యి పట్టుకుని "ఏవండీ" అన్నాను. "ఏంటి?" అన్నారు. కళ్ళజోడు కావాలా అని అడిగాను. ఆ వారంలోనే వెళ్ళిపోయారు.

ఆ వేసవి తర్వాత నేను ఆ చెట్టు వైపు వెళ్ళలేదు, దాని కాయ నోట పెట్టలేదు. ఎందుకని ఆయన ఒక్కనాడూ అడగలేదు. తోటంతా కూలీలకు వదిలేసినా, ఏటా ఆ ఒక్క చెట్టుకూ ఊతాలు కట్టడానికి మాత్రం, "అది నేను చూసుకుంటాలే" అని తనే వెళ్ళేవారు. చెట్టు మీద మమకారం అనుకున్నాను.

రంపం అతను ఇచ్చిన బెల్టును అక్కడే బావి నీళ్ళతో కడిగాను. నేను కట్టినప్పుడు అది అతుకు లేని రింగు. ఇప్పుడు ఒకచోట నున్నగా కోసి ఉంది, కొమ్మ లావెక్కుతుంటే బిగుసుకుపోకుండా. రెండు కొసలకూ ఇనుప చువ్వతో కాల్చిన బెజ్జాలున్నాయి, వాటిలోంచి నైలాను తాడు. లోపలి వైపు మెత్తగా మడిచిన గోనె ముక్క అంటుకుని ఉంది, అదీ మరీ పాతది కాదు. ముడి మాత్రం నా పువ్వు ముడి కాదు. రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపేసిన ముడి, జీపు మీద బుట్టలకు ఆయన వేసేది. నా మెడలో మూడు ముళ్ళు వేసిన మనిషి ముడిని నేను గుర్తుపట్టనా?

ఏ ఏడు చూశారో తెలియదు. చూసిన తర్వాత కూడా ఎన్ని తద్దినాల్లో తనదే పొరపాటని చెప్పుకున్నారో తెలియదు.

తోట నుంచి వచ్చేటప్పుడు మా అమ్మాయి కారు ఊరుకోకుండా కుయ్యికుయ్యిమంటూనే ఉంది. సీటు బెల్టు పెట్టుకోలేదని చెబుతుంది, తలుపు సరిగా పడలేదని చెబుతుంది, ఇంజను వేడెక్కబోతోందని దీపం వెలిగించి మరీ చెబుతుందట. దారిలో ఆగిపోతే ఫోను చేస్తే చాలు, మనిషే వస్తాడట. నాన్నలా బండి చప్పుడు కోసం చెవులప్పగించి పడుకునే అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు. మంచిదే. ఇన్ని మాటలు చెప్పే బండి పక్కన కూర్చుని, ఒడిలో ఆ రబ్బరు ముక్క పెట్టుకుని, ఆ ఒక్క మాట చెప్పుకోకుండా ఒకే ఇంట్లో ముప్పై ఏళ్ళకు పైగా బతికిన మా ఇద్దరి గురించీ ఆలోచిస్తూ వచ్చాను. దారిలో విస్సన్నపేట వైపు బాణం గుర్తున్న బోర్డు కనిపించింది. "అమ్మా, ఏంటి, ఏమైనా చెప్పాలా?" అని మా అమ్మాయి అడిగింది.

కళ్ళజోడు తుడుచుకుంటున్నానని చెప్పాను.