అందరూ ఎక్కాకే రైట్

నూబ్ అనే మాట నన్ను మొదటిసారి అన్నప్పుడు కోపం రాలేదు, అర్థం తెలియదు కాబట్టి. మా బావను అన్ననాటికి అర్థం తెలిసిపోయింది, ఒళ్ళు మండిపోయింది. ఆటలోకి కొత్తగా వచ్చిన చేతకానివాడని అర్థమట. కొత్తవాడికి చేతకాకపోవడం కూడా ఒక తిట్టేనా?

బావ అంటే నా భార్యకు అన్న. ఆయన ఉండేది అస్కాలో, నేను బరంపురంలో. ఆయన పంచదార మిల్లులో చేసి రిటైరయ్యాడు, నేను ప్రైవేటు బస్సు కండక్టరుగా. కిందటేడు ఆయనకు పక్షవాతం తగిలింది. నడక తిరిగొచ్చింది గాని, కుడిచేతి వేళ్ళూ మాటా మందగించాయి. ఫోనులో ఎవరైనా “ఏటి? మళ్ళీ సెప్పు” అంటే చాలు, పెట్టేసేవాడు. పోనుపోను ఇంట్లో కూడా తలూపడంతోనే సరిపెట్టుకున్నాడు. వాడుతూ ఉంటేనే మాట నిలుస్తుంది, లేకపోతే ఉన్నదీ పోతుందని డాక్టరు చెప్పాడు. నోరే విప్పని మనిషి చేత వాడించేదెలా?

మా కోడలు నా ఫోనులో పెట్టిన ఆట ఒకటుంది. నలుగురు ఒక జట్టు. విమానంలోంచి దీవి మీద దూకాలి, దొరికిన తుపాకీ అందుకోవాలి. చుట్టూ ఒక వలయం బిగుసుకుంటూ వస్తుంది, దానికి బయట ఉండిపోయినవాడు పోతాడు. జట్టువాళ్ళు మైకులో మాట్లాడుకుంటారు. అక్కడ ఉపన్యాసాలు అక్కర్లేదు. ‘ఇటు రా’, ‘అదిగో’, ‘ఆగు’ అంటే చాలు. బావకు సరిగ్గా సరిపోతుందనుకుని, ఆయన ఫోనులోనూ పెట్టించాను.

మొదటి రోజు మాతో కలిసినవాళ్ళు ముక్కూమొహం తెలియని ఇద్దరు కుర్రాళ్ళు. బావ దూకడమైతే దూకాడు. తరవాత ఒక ఇంట్లో దూరి గోడకేసి నడుస్తూ ఉండిపోయాడు. ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో తిరగాలి. రెండూ ఒక్కసారే చెయ్యడం ఆయన వల్ల కాలేదు. బయట మేం ముగ్గురం జీపెక్కి కూర్చున్నాం. ఒకడు హారను కొడుతున్నాడు.

“ఆరే బుఢా, ముసలోడా, బేగి రా!”

“వొ... వొస్తన్నాను,” అన్నాడు బావ.

“ఏటా నత్తి? తాగొచ్చేడేటి? నూబ్‌గాడు. ఒగ్గెయ్, పోదాం.”

జీపు కదిలింది. నేను దూకేసి ఆ ఇంట్లోకి పరిగెత్తాను.

“నువ్వెల్లు బావా. బండి... ఎల్లిపోతంది,” అన్నాడు. ఆయనకూ నేను బావనే.

“ఎల్లనీ. పేసింజర్ని ఒగ్గేసి ఎల్తే నాను కండక్టర్నేటి?”

వలయం వచ్చింది. గోడ దగ్గరే ఇద్దరం పోయాం. “ఇంక... రాను,” అని బావ ఫోను కట్టేశాడు. మర్నాడు సాయంత్రం రాలేదు. ఆ పైన కూడా రాలేదు. అక్కకు, అంటే బావ భార్యకు, ఫోను చేశాను. “పెదివి ఇప్పట్లేదయ్యా. ఆ ఫోను సూస్తేనే మొకం తిప్పేసుకుంటన్నాడు,” అంది.

మా కాలంలో కొత్తవాళ్ళకు ఓపిగ్గా నేర్పేవారని ఎవరైనా అంటే నమ్మకండి. నాకు బాగా జ్ఞాపకం. కండక్టరుగా చేరిన కొత్తలో తెలుగు అక్షరాలే అంతంతమాత్రం, ఒడియా అసలే రాదు. బోర్డు చదవలేనివాడు టికెట్లేం కొడతాడని జనం నవ్వేవారు, ఓనరు తిట్టేవాడు. ఒక్క డ్రైవరు మాత్రం బస్సు ఆగినచోటల్లా ఏదో ఒక కొట్టు మీది ఒడియా బోర్డు చూపించి చదవమనేవాడు. నాకవన్నీ ఒకేలాంటి గుండ్రాలుగా కనబడేవి. నేను కూడబలుక్కునేదాకా స్టీరింగు మీద చేతులు వేసుకుని కూర్చునేవాడు. వెనక జనం గోల పెడితే, “వాడు రైట్ అంటేగాని కదల్దు,” అనేవాడు. నేను చదివిన బడి అదొక్కటే.

అక్కతో మాట్లాడిన మర్నాడు పొద్దున్నే అస్కా బస్సెక్కాను. బావ మంచం మీద పక్కన చేరి, ఫోను ఆయన చేతిలో పెట్టాను. మొహం తిప్పుకున్నాడు.

“ఒక్క ఆట. ఈసారి స్టీరింగు నాది,” అన్నాను.

ఈసారి జతపడినవాళ్ళు ఒక మగ గొంతూ, ఒక ఆడ గొంతూ. ఆమె మైకులో కుక్కరు కూత వినబడుతోంది. ఒడియా, తెలుగు కలిపి మాట్లాడుతోంది. మా వైపు ఇల్లాలే అనుకున్నాను. బావ మళ్ళీ గోడకు అతుక్కుపోయాడు. జీపు వాకిట్లో ఆపి కూర్చున్నాను.

“సర్కిల్ వచ్చేస్తంది, పదండెహె!” అన్నాడు మగాయన.

“అందరూ ఎక్కేకే రైట్.”

అతను తిట్టుకుంటూ దిగి పరిగెత్తాడు. మా అందరికంటే ముందు పోయింది అతనే. ఆమె మాత్రం దిగి ఇంట్లోకి వెళ్ళింది.

“అజా, కంగారేటండీ?” ఒడియాలో తాతను అలాగే పిలుస్తారు. “రెండూ ఒక్కసారి వొద్దు. ముందు తిరగండి. ఆగండి. ఇప్పుడు నడవండి. రెండు కూతలయ్యేయి, మూడో కూతకి మనం బయటుండాలి.”

బావ తిరిగాడు. ఆగాడు. నడిచాడు. తలుపులోంచి బయటపడి, “వొ... వొచ్చేను!” అని అరిచాడు. వంటింట్లోంచి అక్క పరిగెత్తుకొచ్చింది.

నేను జన్మలో స్టీరింగు పట్టినవాణ్ణి కాను. కదిలిన కాసేపటికే జీపును చెట్టుకు కొట్టాను.

“కం... డక్టరు నడిపితే... ఇంతే,” అన్నాడు బావ. నవ్వాడు కూడా. చాలా కాలానికి ఆయన సరదాగా ఆడిన మాట అది. అదీ నన్ను వెక్కిరించడానికి!

ఆ కుక్కరు కూతల ఆవిడ పేరు ఇప్పటికీ తెలియదు. సాయంత్రాలు వంట పొయ్యి మీద పెట్టి మాతో చేరుతుంది. బావ రోజూ వస్తున్నాడు. మాట ఇంకా తడబడుతుంది గాని, ఆగి మళ్ళీ పట్టుకుంటున్నాడు. ఫోను పెట్టెయ్యడం మానేశాడు.

మొన్న మా జట్టులోకి ఒక కొత్తాయన వచ్చాడు. ఏది నొక్కాలో తెలియక కొండ మీద ఉన్నచోటనే గెంతుతున్నాడు. వలయం దగ్గరపడుతోంది. నేను జీపు కదిపాను.

“ఆపు,” అన్నాడు బావ.

“అతను రాడు బావా, సూడు ఎలా గెంతుతన్నాడో.”

“ఆపు మరి. బాబూ, ముందు... తిరుగు. ఆగు. నడు. నెమ్మదిగా రా, బండుంటాది.” తరవాత నాతో అన్నాడు: “రైట్ నానంటాను. అప్పటిదాకా... నోర్మూసుకో.”

నోరు మూసుకున్నాను. కుక్కరు కూత వేసింది. కొండ మీది మనిషి మెల్లగా ఇటు తిరిగాడు.