వెనక వరస ఫిడేలు

ఏ షిఫ్టు దిగి వచ్చినా, ఇంద్రేశంలోని కిరాయి ఇంట్లో ఎబెనేజర్ చేసే మొదటి పని అన్నం తినడం కాదు, కంప్యూటరు ముందు కూలబడడం. అందులో అతనికో పెద్ద వాద్యబృందం ఉంది. ఏ దేశంలోనో నిజమైన కళాకారుల చేత ఒక్కో స్వరాన్నీ విడివిడిగా వాయింపజేసి, రికార్డు చేసి అమ్ముతారు. ఇక్కడ కంప్యూటరుకు తగిలించిన పియానోలాంటి కీబోర్డు మీద మెట్టు నొక్కితే అక్కడి ఫిడేలు మోగుతుంది, పక్కనున్న చక్రం తిప్పితే నాదం పెరిగి తగ్గుతుంది. యాభైమంది వాయించాల్సిన పాటను ఒక్కడే, ఒక్కొక్కరి వంతూ వాయించి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఏళ్లుగా చుట్టుపక్కల చర్చిలకు ఇదే చాకిరీ. చాకిరీ అనే అనాలి, ఆ మొహం చూసి సరదా అని ఎవరూ అనరు.

అందరూ బాగుందంటారు. క్లారా టీచరమ్మ ఒక్కతే అనదు.

చిన్నప్పుడు అతని వేళ్లు పట్టుకుని హార్మోనియం నేర్పింది ఆమె. బీరంగూడలో ఉంటుంది. చూపు మందగించింది, వేళ్లు వంకర్లు పోయాయి, చెవులు మాత్రం అమ్మో! వయసులో ఉండగా ఆమె కట్టిన పాటను ఈ కోత పండుగనాడు నిండు బృందంతో వినిపించాలని చర్చి క్వాయరు ముచ్చటపడింది. ఆమె సరేనంటేనే వినిపించేది. ఈసారీ కాదంటే కంప్యూటరు మూటగట్టి అటక మీద పడేస్తానని ఎబెనేజర్ తన భార్య జయశీలతో అనేశాడు. కోపంతో అన్నమాట కాదది, ఓపిక అయిపోయి అన్నది.

అప్పటికే టీచరమ్మకు రెండుసార్లు వినిపించాడు. మొదటిసారి ఆమె పకపకా నవ్వింది. "ఆ పిల్లనగ్రోవి ఊదేటోడు మనిషేనా బిడ్డా? ఒక్కపారి గుడ గాలి పీల్చుకోడేంది!" సిగ్గుపడి వచ్చి, ఊపిరి తీసుకునేంత సందు అక్కడక్కడా వదిలాడు. రెండోసారి ఆమె నవ్వలేదు. "మంచిగనే ఉంది. గని ఇందుల ఎవ్వలు లేరు," అంది.

ఎవ్వలు లేరట! ఆ ముక్క అతన్ని తినేసింది.

తప్పెక్కడుందో అతనికి తెలీదు. తెలిసేదెట్లా? మాత్రల కంపెనీలో అతనిది ప్యాకింగు లైను. మాత్ర రవ్వంత పక్కకు జరిగినా ఆ పట్టీని తీసి అవతల పారేయాలి. ఏళ్ల తరబడి అదే చేసిన చెయ్యి ఇంటికొచ్చాక ఊరుకుంటుందా? వాయించిన ప్రతి స్వరాన్నీ సరిగ్గా తాళం మీదకు లాగేసే మీట ఒకటుంది కంప్యూటర్లో. ఒక్కో వంతు వాయించడం ఆలస్యం, అది నొక్కేస్తాడు. నొక్కకపోతే మహానుభావుడికి ముద్ద దిగదు.

మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి వెనక వరస ఫిడేళ్లు మిగిలాయి. అంతలో, రాత్రి షిఫ్టుకు రావాల్సిన మల్లేష్ రాకపోయేసరికి వాడి పనీ ఇతని నెత్తినే పడింది. తెల్లారి ఇల్లు చేరేసరికి ఒంట్లో సత్తువ లేదు.

"జెరసేపు పండుకోరాదుండ్రి. పాట యాడికి పోతది?" అంది జయశీల.

"టీచరమ్మ ఇయ్యాల్నే రమ్మన్నది. ఇగ గిదొక్కటే."

వాయించాడు. కళ్లు మూతలు పడుతున్నాయి, వేళ్లు ఒక్కో మెట్టు మీదా ఆలస్యంగా దిగుతున్నాయి. తర్వాత సర్దొచ్చులే అనుకుని అట్లాగే కుర్చీలో ఒరిగిపోయాడు. జయశీల తట్టి లేపేసరికి ఎండ గడపలోకి వచ్చేసింది. పాటను ఫోన్లోకి దించుకుని, ఆమె పెట్టిన పళ్లెం ముట్టకుండానే బండి తీశాడు.

టీచరమ్మ మంచం మీద కూర్చుని వింటోంది. ముందు ఫిడేళ్లు ఎత్తుకున్నాయి. వెనకవి రవ్వంత ఆలస్యంగా అందుకున్నాయి. ఎబెనేజర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. మీట నొక్కడం మర్చిపోయాడు! ఎన్నడూ చేయని పొరపాటు, ఛీ, ఇవాళే చేయాలా? ఆపేద్దామని చెయ్యి చాచాడు.

"ముట్టకు," అంది ఆమె.

పాట సాగింది. ముందు ఫిడేళ్లు వెళ్తుంటే వెనకవి కాళ్లీడ్చుకుంటూ వచ్చి కలుస్తున్నాయి. ఆదివారం చర్చిలో జనం పాడేదీ అట్లాగే కదా. ఆమె వంకర వేళ్లు మోకాలి మీద హార్మోనియం మెట్లు వెతుక్కుంటున్నాయి. పాట అయిపోయాక కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పండుగనాడు గిదే పెట్టు," అంది. "అవుగని, ఎవల్ని తోల్కొచ్చి వాయించినవ్రా?"

"ఎవ్వల్లేరు టీచరమ్మా. అంత కంప్యూటరే."

"ఊకో, నాకు చెప్తవ్! ఆ ఎనకాల ఫిడేలు వాయించేటాయన ఉన్నడు సూడు, మస్తు అలిసిపోయిండు పాపం. ఒక్కొక్క స్వరం మోసుకొచ్చినట్టే వాయిస్తుండు. ఆయనకు ఇంత అన్నమన్న పెట్టిన్రా లేదా?"

 ఎబెనేజర్ ఫోను జేబులో పెట్టుకుని, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఇంకా తినలే టీచరమ్మా," అన్నాడు.