షావుకారు ఉత్తరీయం మీద గుంటగలగరాకు

మా నాన్నకు అరకు కొండల్లో ఫారెస్టు గుమాస్తా ఉద్యోగం వచ్చిన ఆ రోజుల్లో నాకు పదిహేడేళ్లు. పరాయి మనిషి ఎదుట నోరు పెగిలేది కాదు. ఇంటికి ఎవరైనా వస్తే గాదె వెనక్కి వెళ్లి నిలబడేదాన్ని. వాళ్లు వెళ్లిపోయాక, వాళ్లతో ఏమేం మాట్లాడి ఉండాల్సిందో డైరీలో రాసుకునేదాన్ని. (ఆ డైరీ ఒక్కటే చదివినవాళ్లు నన్ను గయ్యాళిని అనుకుంటారు.) మిగిలిన పొద్దంతా పూలతోనే గడిచేది. బంగళాలో ఏ దొరో వదిలేసి పోయిన ఇంగ్లీషు మొక్కల పుస్తకం ఒకటి, అట్టలు చెదలకు అప్పగించి, నా చేతికి వచ్చింది. నిఘంటువు పక్కన పెట్టుకుని పేజీకి మూడు రోజుల చొప్పున చదువుతూ చామంతి కుటుంబం దగ్గర ఆగిపోయాను. ఆ జాతిలో మనం పువ్వు అనుకునేది ఒక పువ్వు కాదట. మధ్యన గుండీలా ఉన్నదాంట్లో ప్రతి చుక్కా ఒక పువ్వే, అంచున రేకులా కనిపించేది కూడా ఒక్కొక్కటీ ఒక పువ్వే. ఇది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఇంట్లో ఉండే మా మేనత్తకు చెబితే, "అయితే ఇవాళ నేను దేవుడికి పెట్టినవి పన్నెండు పూలా, పన్నెండు వందలా?" అని ఆవిడ నిజంగానే కంగారుపడింది.

తలనూనె కాచడానికి గుంటగలగరాకు కావాలని ఒక వానాకాలం అత్త నన్ను సంతకు తీసుకెళ్లింది. ఆ ఆకు తెచ్చే కొండవాళ్లలో ఒక ముసలమ్మ ఉండేది. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది కనుక మేము ఆవిడను చుట్టమామ్మ అనేవాళ్లం. గంపెడాకు కింద దింపితే మానికెడు, అంటే నాలుగు సోలల ఉప్పు ఇవ్వాలని మైదానం నుంచి వచ్చే షావుకారుతో బేరం. ఆయన ఎప్పుడూ తెల్లని చలవ బట్టలే కట్టేవాడు. గెడ్డలు, అంటే కొండవాగులు, పొంగితే కొండవాళ్లు మూడు నాలుగు వారాలు సంతకు దిగలేరు. ఆ మానికెడే ఆవిడ ఇంటికి అన్నాళ్లకూ ఉప్పు.

"ఏటే ముసలీ, మళ్లీ గడ్డిచామంతే తెచ్చినావు? నానేటి మేకనా, మెయ్యడానికి?" అన్నాడు షావుకారు.

"గుంటగలగరే బాబూ. గెడ్డ ఒడ్డున పొద్దుగాల కోసినాను."

"నాకు తెల్దేటి? పక్కన పారబొయ్యి. సోలెడు ఉప్పు పోత్తాను, అట్టుకుపో."

ఆ పారబోసిన కుప్పల సంగతి నాకు తెలుసు. పోయిన సంతలోనూ అత్త వెనక నిలబడి చూశాను. మధ్యాహ్నం దాటాక షావుకారు మనుషులు వాటిని గుట్టుచప్పుడు కాకుండా మూట కట్టి బండిలో వేసుకుంటారు. చుట్టమామ్మ గంప ఒంచింది. కుప్పలో ఆకులు, తెల్లని చిట్టి పూలు. చూస్తూనే నాకు ఒళ్లు మండింది.

"అది గడ్డిచామంతి కాదు."

అన్నదెవరా అని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు. అత్త నా జబ్బ గిల్లి, "నోర్ముయ్యవే!" అంది.

"గుమాస్తాగారి అమ్మాయా? ఇంటికెళ్లి మాలలు కట్టుకో తల్లీ. ఇది కాదని నీకెలా తెల్సు?" అని నవ్వాడు షావుకారు.

జవాబు బోలెడంత ఉంది, కానీ నోటికి రాలేదు. చేతికి వచ్చింది. కుప్పలోంచి గుప్పెడాకు తీసి నలిపి, ఆయన భుజం మీంచి వేలాడుతున్న ఉత్తరీయం కొసకు గట్టిగా రాశాను.

"ఓలమ్మో, నా సలవ బట్ట!"

"ఉండండి, నల్లబడుతుంది," అన్నాను.

గుంటగలగర రసం నల్లబడుతుంది, గడ్డిచామంతి రసం నల్లబడదు. అంతవరకు పుస్తకం చెప్పకపోయినా, ఇంట్లో నూనెకు ఆకు నూరిన నా వేళ్లు చెప్పాయి. అయితే నల్లబడడానికి కొంతసేపు పడుతుంది. ఆ కొంతసేపూ సంతంతా వచ్చి మా చుట్టూ నిలబడుతుందని నేను అనుకోలేదు. మరక పచ్చగా ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు. ఏదో ఒకటి మాట్లాడకపోతే చచ్చిపోతాననిపించి మొదలుపెట్టాను.

"గడ్డిచామంతికి జానెడు కాడ మీద ఒంటరిగా పువ్వు నిలబడుతుంది. దీనికి ఆకు మొదట్లోనే పొట్టి కాడ మీద వస్తుంది. దాని అంచురేకు వెడల్పు, కొసన మూడు నొక్కులుంటాయి. దీని రేకు దారప్పోగంత. దాని ఆకుకు రంపప్పళ్లు, దీని ఆకు బల్లెం మొన. దాని గింజకు దూది ఉంటుంది, ఊదితే ఎగురుతుంది. దీని గింజ ఎగరదు." అరచేతిలో నాలుగు గింజలు నలిపి ఊదాను. గింజలు కదలలేదు. మరకా కదలలేదు.

"నల్లబడ్డాదేటి?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"నేదు, పచ్చగానే ఉంది!"

గత్యంతరం లేక, ఇదీ చామంతి కుటుంబమే, ఇది ఒక పువ్వు కాదు, ఒక్కొక్క దాంట్లో ఎన్నో పూలున్నాయని కూడా చెప్పేశాను.

"అలగైతే షావుకారు పువ్వుకో మానికెడు ఉప్పు కొలవాలేటి?" అన్నాడు కుండలవాడు. సంత గొల్లుమంది. ఆ నవ్వులోనే ముందు వరసలోని ఆడమనిషి ఉత్తరీయం కొస పట్టుకుని, "ఇదిగో! నల్లబడ్డాది, సిరాలాగ!" అంది.

షావుకారు మరకను చూశాడు, జనాన్ని చూశాడు. "ఈ గుప్పెడు గుంటగలగరే అనుకో. మరి మిగతాది?" అన్నాడు.

నేను రెండో గుప్పెడు తీసుకుని ఉత్తరీయం రెండో కొస వైపు చూశాను. ఆయన దాన్ని చంకలో దాచుకుని మానిక అందుకున్నాడు.

ఉప్పు మూట కట్టుకున్నాక చుట్టమామ్మ నోట్లోంచి చుట్ట తీసింది. దీవిస్తుందనుకున్నాను. (నిజానికి కొంచెం ముందుకు వంగాను కూడా.)

"బాగా సెప్పినావు బుల్లెమ్మా. మరి నా సేతులు సూడు."

రెండు అరచేతులూ మణికట్టు దాకా సిరా పోసినట్టు నల్లగా ఉన్నాయి. పొద్దుటినుంచీ ఆ ఆకు కోసిన చేతులు. కాడ చూశాను, రేకు చూశాను, గింజ ఊది మరీ చూశాను. చేతులు చూడలేదు.

"మరి షావుకారుకు చూపించలేకపోయావా మామ్మా?"

"సూపించినాను. పోయిన సంతకీ సూపించినాను. నీ సేతులెప్పుడూ నలుపే కదే అన్నాడు. తెల్ల బట్ట మీదైతేనే ఆడికి అవుపడతాది." అని చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుని బేగి బేగి నడిచిపోయింది.

ఆ పై సంతకు రానని ఏడ్చాను. అత్త ఈడ్చుకెళ్లింది. వరసగా దింపిన ఆకు గంపలన్నిటి మీదా ఒక్కొక్క తెల్లగుడ్డ పీలిక, దాని మీద ఒక్కొక్క నల్లమరక. షావుకారు నోరెత్తకుండా ఉప్పు కొలుస్తున్నాడు. ఆ రోజు ఆయన భుజం మీద ఉత్తరీయమే లేదు. ఎవరో "ఆ పిల్లగుంటే" అని నన్ను చూపిస్తే అత్త కొంగు చాటుకు వెళ్లిపోయాను.

ఇప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మొన్న టపా జవాను పేరు అడిగితే చెప్పడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. సంతలో అంతసేపు మాట్లాడిన ఆ పిల్ల మళ్లీ నాకు కనిపించలేదు. ఎక్కడుందో గానీ తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది. కానీ ఎవరైనా కళ్లెదుట ఉన్నదాన్ని లేదని బుకాయించినప్పుడల్లా నా కుడిచెయ్యి, నన్ను అడక్కుండానే, ఆ మనిషి ఉత్తరీయం ఎక్కడుందా అని వెతుకుతుంది.