డొంకలో నిండు బండి ఎదురైతే: ట్రైలర్‌తో జగ్గయ్యపేట నుంచి నందిగామకు

ఈ ప్రయాణం సరదాతో కాదు, పంతంతో మొదలైంది. ముప్పై ఏళ్ళు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో ఫైళ్ళు చూసి, నిరుడు ఉద్యోగం మానేశాక, తెలిసిన దంపతుల దగ్గర పాత క్యాంపింగ్ ట్రైలర్ ఒకటి కొన్నాను. పదడుగుల పొడవు, ఒకటే ఇరుసు, లోపల ఒక మంచం, గ్యాస్ పొయ్యి, నలభై లీటర్ల నీళ్ళ ట్యాంకు. దాన్ని నా పాత డీజిల్ జీపుకి తగిలించుకుని ఒంటరిగా తిరుగుతానంటే విజయవాడలో ఉండే మా అన్నయ్య ససేమిరా అన్నాడు. చాలా వాదన జరిగాక ఒక షరతు మీద దిగొచ్చాడు. నేను పన్నెండు రోజులు తిరిగి నందిగామ చేరాలి, తను అక్కడికి ఎదురొస్తాడు. ఈలోగా ఒక్కసారైనా స్టీరింగ్ వేరేవాళ్ళ చేతికి ఇచ్చానంటే ట్రైలర్ అమ్మేయాలి. కొనే మనిషిని కూడా చూసి పెట్టాడు. యాభై నాలుగేళ్ళ వయసులో కాయాల్సిన పందెం కాదు గానీ, సరేనన్నాను. ట్రైలర్ పోతే మళ్ళీ ఇంట్లో కూర్చోవాలి, ఆ ఊహే నాకు గిట్టలేదు.

పదకొండు రోజుల్లో చాలా నేర్చుకున్నాను. ఫ్యూజు మార్చడం, గ్యాస్ లీకేజీని సబ్బు నురగతో పట్టుకోవడం, పళ్ళెంలో నీళ్ళు పోసి నేల మట్టం చూసుకోవడం, చక్రం విప్పి బిగించడం. ఒక్కటి మాత్రం నేర్చుకోలేదు, ట్రైలర్‌ని వెనక్కి నడపడం. జీపుని ఎటు తిప్పితే ట్రైలర్ దానికి ఎదురు దిక్కుకి పోతుంది. మొదటి రోజే రెండుసార్లు ప్రయత్నించి భయపడి వదిలేశాను. అప్పటి నుంచి గుండ్రంగా తిరిగి బయటపడే జాగా ఉన్న చోటే ఆగుతూ వచ్చాను. ఒకసారి మలుపు దాటిపోయి, వెనక్కి పెట్టలేక, పద్నాలుగు కిలోమీటర్లు ముందుకెళ్ళి తిరిగొచ్చాను. ఈ సంగతి అన్నయ్యకి చెప్పలేదు.

పన్నెండో రోజు పొద్దున ఆరున్నరకి గరికపాడు దగ్గర, చెక్‌పోస్టు దాటగానే ఉన్న ఒక ధాబాలో ఆగాను. లారీల వాళ్ళకి పెద్ద మైదానం ఉంది కాబట్టి మనలాంటి వాళ్ళకి హాయి. నాలుగు ఇడ్లీ, టీ కలిపి యాభై అయిదు రూపాయలు. వంటాయన కోదాడ వైపు మనిషి. నేను మైదానం చుట్టూ రెండు చుట్లు కొట్టి బండి మూతి రోడ్డు వైపు పెట్టుకోవడం చూస్తూనే ఉన్నాడు. టీ ఇస్తూ అడిగేశాడు. "ఏంది మేడం, గంత జాగ ఉంటే గిట్ల తిరుగుతున్రు? ఎన్కకు కొట్టుడు రాదా?"

"వచ్చు. తిరగడం అలవాటు, అంతే" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అబద్ధం అంత పొద్దున్నే ఆడాల్సి వచ్చినందుకు చిరాకేసింది.

ఎనిమిదికి జగ్గయ్యపేటలో కూరగాయలు, మంచినీళ్ళ క్యాన్లు తీసుకున్నాను. ఊళ్ళోకి ట్రైలర్ తీసుకెళ్ళకండి, బజారు ఇరుకు. హైవే పక్కన ఆపుకుని ఆటోలో వెళ్ళొస్తే ఇరవై రూపాయలతో పనవుతుంది. అక్కడి నుంచి నందిగామ ముప్పై కిలోమీటర్లు, ముప్పావుగంట దారి. అన్నయ్య వచ్చేది సాయంత్రం నాలుగున్నరకి. బోలెడంత సమయం ఉంది కదా, ఎక్కడైనా నీడ చూసుకుని వంట చేసుకుందామనుకున్నాను. పది కిలోమీటర్ల తర్వాత ఎడమ వైపు మామిడితోటల్లోకి ఒక రోడ్డు కనిపించింది. ఫోన్లో చూస్తే అది చుట్టు తిరిగి మళ్ళీ హైవేలోనే కలుస్తోంది. ఎండ లేదు, మబ్బు పట్టి ఉంది. తిరిగాను.

కిలోమీటరు తర్వాత తారు అయిపోయి మట్టి డొంక మొదలైంది. రెండు వైపులా పత్తిచేలు, పడమర పక్క పంట కాలవ. వెడల్పు ఒక్క బండికి సరిపడా. ముందుకు పోతే ఎక్కడో వెడల్పవుతుందని నాకు నేను చెప్పుకుంటూ పోతుంటే, ఎదురుగా పత్తి ట్రాక్టరు వచ్చి ఆగింది. వెనక తగిలించిన ట్రక్కు నిండా పత్తి, పైన వల కట్టారు. ఆ పత్తి మీద ఒకావిడ కూర్చుని ఉంది. ట్రాక్టరు నడుపుతున్న మనిషికి యాభై దాటి ఉంటాయి, మెడలో తువ్వాలు. ఇంజను ఆపకుండానే దిగి వచ్చాడు.

"ఖాళీ బండే కదండీ, కాస్త ఎనక్కి పొండి. ఆ మోటారు షెడ్డు కాడ చేలోకి దారుంది" అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. షెడ్డు నూట యాభై గజాల దూరంలో ఉంది. "ఖాళీ కాదండీ, నా సామానంతా ఇందులోనే ఉంది" అన్నాను.

పైనుంచి ఆవిడ అందుకుంది. "సామాను తడవదు కదమ్మా! పైన మబ్బు చూడు. పత్తి తడిస్తే మిల్లులో ఎవురు దింపుకుంటారు?"

ఆవిడ పేరు మార్తమ్మ. రెండెకరాలు కౌలుకి చేస్తోంది, ఇది మొదటి తీత. నడిపే మనిషి ఏసోబు, ఆవిడకి మరిది వరస. అక్కడి పద్ధతి ఏసోబు చెప్పాడు. డొంకలో నిండు బండి ఎదురైతే ఖాళీ బండే వెనక్కి వెళ్ళాలి. అందులో వాదన ఉండదు, ఎంత పెద్ద రైతైనా సరే. నాకు ఆ పద్ధతిలో తప్పేమీ కనిపించలేదు, అదే నా కష్టం.

మూడుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి ట్రైలర్ మడత పడి జీపుకి తగలబోయింది. రెండోసారి కూడా అంతే. మూడోసారి దాని చక్రం కాలవ గట్టెక్కింది. చేతులకి చెమట పట్టి స్టీరింగ్ జారుతోంది. ఏసోబు "ఎడంపక్కకండీ" అంటే నేను ఇటు తిప్పాను, "అటు కాదండీ" అంటే అటు తిప్పాను. గాలి చల్లబడింది. మార్తమ్మ ఆకాశం కేసే చూస్తోంది. ఆవిడ తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

దిగాను. షరతు గుర్తుంది. అయినా ఆరునెలల కష్టం నా పంతం వల్ల తడిసిపోవడం చూడలేననిపించింది. తాళంచెవి ఏసోబు ముందు పెట్టాను. "మీరే వెనక్కి పెట్టండి" అన్నాను. అన్నాక ఏడుపొచ్చినంత పనైంది. ట్రైలర్ పోయినట్టే.

ఏసోబు ఒక అడుగు వెనక్కి వేశాడు. "నాకు కారు రాదండీ. ట్రాక్టరొకటే వచ్చు. పక్కన కూర్చోమంటే కూర్చుంటా గానీ, తోలమంటే ఎట్టా?"

పైనుంచి మార్తమ్మే అంది, "తోలలేకపోతే నోటితో చెప్పటానికేం? సరిగ్గా చెప్పు. ఎడమ, కుడి అని ఆవిణ్ణి కంగారు పెట్టమాక."

"నిజమే, ఎవరి ఎడమ? మీదా, నాదా, బండిదా?" అని ఏసోబు నవ్వాడు. ఆ తర్వాత తమ ఊళ్ళో మాట్లాడుకున్నట్టే చెప్పడం మొదలుపెట్టాడు. "షెడ్డు పక్క తూర్పు. కాలవ పక్క పడమర. స్టీరింగ్ చక్రం పైన పట్టుకోమాకండి, అడుగున పట్టుకోండి, ఒక్క చెయ్యే. తోక తూర్పుకి పోవాలంటే చెయ్యి తూర్పుకి జరపండి. పడమరకి పోవాలంటే పడమరకి. ఎక్కువ తిప్పమాకండి. కొంచెం జరిపి ఆగండి, తోక ఏం చేస్తదో చూడండి."

నమ్మకం లేకుండానే చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టాను. ఆయన ట్రైలర్ వెనకగా, నా అద్దంలో కనపడేలా నిలబడ్డాడు. "పడమర... చాలు. ఇప్పుడు తూర్పు కొంచెం... ఆగండి." అద్దంలో చూసినా, మెడ తిప్పి చూసినా తూర్పు తూర్పే. చెయ్యి ఎటు పోతే తోక అటే పోతోంది. పన్నెండు రోజులుగా నన్ను ఆడించిన బండి చెప్పిన మాట వింటోంది. మధ్యలో ఒకసారి ముందుకి చూస్తే, ఆగి ఉన్న ట్రాక్టరు వెనక మార్తమ్మ పత్తి మీద నిలబడి నా చక్రాల్నే చూస్తోంది.

షెడ్డు దగ్గరకి రావడానికి పదిహేను నిమిషాలు పట్టింది. "ఇంక మొత్తం తూర్పుకే" అని ఏసోబు కేకేశాడు. చెయ్యి తూర్పుకి లాగాను. ట్రైలర్ చేలోకి తిరిగింది, దాని వెంట జీపు మూతి కూడా డొంక దాటి లోపలికొచ్చింది. అద్దం మీద నాలుగు చినుకులు పడ్డాయి. ఏసోబు పరిగెత్తి ట్రాక్టరెక్కాడు. నా పక్క నుంచి వెళ్తూ మార్తమ్మ పైనుంచి అరిచింది, "తడవకుండా చేరితే నీ పేరు చెప్పుకుంటాం. తడిసినా నీ పేరేనమ్మా!"

పెద్ద వాన రాలేదు. హైవే ఎక్కి కొంత దూరం వెళ్ళాక ఒక పత్తి మిల్లు షెడ్డు కింద వాళ్ళ ట్రాక్టరు కనిపించింది. ఆపాను. మార్తమ్మ గుప్పెడు పత్తి తీసి నా అరచేతిలో పెట్టింది. పొడిగా, వెచ్చగా ఉంది. నాకు చాలా సంతోషమేసింది.

నాలుగున్నరకి నందిగామలో, హైవే పక్కన అన్నయ్య, కొనే పెద్దమనిషి నిలబడి ఉన్నారు. దిగీ దిగగానే అన్నయ్య అడిగాడు, "ఏమ్మా, ఎవరికైనా స్టీరింగ్ ఇచ్చావా?"

"ఇచ్చాను. ఆయన తీసుకోలేదు" అన్నాను. జరిగిందంతా చెప్పాను, పద్నాలుగు కిలోమీటర్ల సంగతితో సహా.

అన్నయ్య కాసేపు ట్రైలర్ చక్రానికంటిన మట్టి చూశాడు. "చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా."

"తెలిసేది కాదు" అన్నాను.

అన్నయ్య కొనే పెద్దమనిషి వైపు తిరిగి, "ఏమనుకోమాకండి, అమ్మటం లేదండీ" అన్నాడు.

ఒంటరి ప్రయాణం అంటే ఎవరి సాయమూ లేకుండా నెగ్గుకురావడమని నేను అనుకునేదాన్ని. అందుకే నాకు రానిదాన్ని అందరి దగ్గరా దాచాను. దాచడం కోసం ఆగాల్సిన చోట ఆగలేదు, చూడాల్సిన ఊళ్ళు చూడలేదు. గరికపాడు వంటాయన అడిగినప్పుడు "రాదు" అని ఒక్క మాట అని ఉంటే, ఆ లారీల మైదానంలో ఎవరో ఒకరు అరగంటలో నేర్పి ఉండేవారు. ఇంకొకరి పత్తి మీదికి వాన వచ్చేదాకా నేను ఆ మాట అనలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ట్రైలర్‌తో బయల్దేరే వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ముందు ఒక ఖాళీ మైదానంలో ఒక పూటంతా వెనక్కి నడపడమే సాధన చేయండి. చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టండి, తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి. హైవే దిగే ముందు తూర్పు ఎటో చూసి పెట్టుకోండి. డొంకలో నిండు బండి ఎదురొస్తే వెనక్కి వెళ్ళాల్సింది మీరే.