బంద్ నాడు కదిలిన నీటిబొట్టు కారు

తెలంగాణ కోసం ఏదో ఒక బంద్ నడుస్తూనే ఉన్న ఆ రోజుల్లో నా పోరాటం మాత్రం గాలి మీద. కారు బలమంతా గాలిని తోయడానికే ఖర్చవుతుందనీ, ముందు గుండ్రంగా వెనుక సన్నగా నీటిబొట్టులా ఉంటే ఆ బాధ తగ్గుతుందనీ గ్రంథాలయంలో ఒక లావుపాటి పుస్తకంలో చదివాను (మొదటి అధ్యాయం చెదలు తినేశాయి, అందులో ఏ హెచ్చరిక ఉండేదో!). ఖాజాగూడలో మా మేనమామ పాత కారు పొదల్లో పడి ఉండేది. దాన్ని బోరబండకు లాక్కుపోయి, నిప్పురవ్వ అని మేం పిలిచే వెల్డింగ్ దోస్తు షెడ్డులో పైభాగమంతా ఊడదీసి, మిగిలిన అడుగు చట్రం మీద రేకులతో పెద్ద నీటిబొట్టు కట్టాం. మామ ఒకటే షరతు పెట్టాడు: "ఆదివారం లోపల నడుసుకుంట నా ఇంటి ముంగటికి రావాలె. లేకుంటే పాత సామానోనికి ఇచ్చేస్త. నీ పుస్తకం ఏం జెప్పినా ఇనను."

శనివారం బంద్. ఖాళీ రోడ్లు మా కోసమే అనుకుని బయలుదేరాం. హైటెక్ సిటీ అద్దాల మేడల ముందు కాపలావాళ్ళు లేచి నిలబడి చూశారు. ఖాజాగూడ మలుపులో గులాబీ కండువాల కుర్రాళ్ళు ఆపేశారు.

"ఏందన్నా, దీని మొకమెటు, తోకెటు?"

"గాలి అడ్డం తగ్గాలంటే..." అని మొదలుపెట్టాను.

"గాలి సంగతి తర్వాత. బంద్ నాడు బండి నడుపుతరా?"

మామ షరతు చెప్పుకున్నాను. వాళ్ళలో బొద్దుగా ఉన్నవాడు కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "ఇంజన్ నడవొద్దన్నం గని, బండి పోవద్దనలే. ఇంజన్ బంద్ వెట్టు. మేం నూకుతం."

జై తెలంగాణ నినాదాల మధ్య కారు కదిలింది. తోకకు జెండా కూడా కట్టారు. ఆకారం వల్లే తోయడం తేలికగా ఉందని నేను కిటికీలోంచి వాళ్ళకు వివరిస్తూనే ఉన్నాను (ఆ వేగానికి గాలికి మా సంగతే తెలిసి ఉండదు).

మామ గడపలో నిలబడి ఆశ్చర్యపోయాడు. "ఏందిరా, ఇంజన్ సప్పుడే లేదు?" అంతలో వెనకున్న జనం కనిపించారు. "ఓహో, నూక్కొచ్చిన్రా. ఇది నడిచినట్టు గాదు."

బొద్దు కుర్రాడు చెమట తుడుచుకున్నాడు. "బంద్ నాడు గీ తొవ్వల వచ్చిన కారు ఇదొక్కటే పెద్దాయనా. గిసొంటిదాన్ని సామానోనికి ఇస్తవా?"

మామ కారునూ, జెండానూ, వాకిలి నిండిన జనాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఉండనియ్‌రి. లోపలికి రారి, చాయ్ తాగిపోరి."

ఇప్పుడు నాకు ఏసీ ఉన్న చల్లటి కారుంది. గాలికి తగ్గట్టు కంపెనీవాళ్ళే మలిచి ఇచ్చారు. ఆఫీసులు వదిలే వేళ అదే మలుపులో ఇరుక్కుని అద్దం దించుతాను. చుట్టూ అన్ని కార్లున్నా నా కారు మీద ఒక్క చెయ్యీ ఉండదు. లావు పుస్తకం చదివిన ఆ కుర్రవాడు పక్క సీట్లో ఉంటే దీనికీ ఏదో సిద్ధాంతం చెప్పేవాడు. నేను నమ్మేవాణ్ణి కూడా.