జేబులో ఉల్లిగడ్డ

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో, మెడలో విజిల్ ఉంటే చాలు, రాయచూరు ఎండ కూడా నా మాట వింటుందనుకునేవాణ్ణి. కల్మల దగ్గర ఒక ఊరి బడిలో ఆటల మాస్టరును. వేసవి సెలవుల్లో ఆడపిల్లల ఖోఖో జట్టును తయారుచేసి, కప్పు గెలిచి, పేపర్లో నా ఫొటో చూసుకోవాలని (పిల్లల ఫొటో తర్వాతి మాట) ఆశ. చిన్నప్పుడు వడదెబ్బ తగలకుండా మా అమ్మ నా జేబులో ఉల్లిగడ్డ పెట్టి పంపేది. అదే శాస్త్రం నమ్మి, బడి వంటమ్మ బుట్టలోంచి పిల్లలకు తలా ఒకటి పంచి, పదకొండు దాటినా పరుగెత్తించేవాణ్ణి. మా జట్టు వస్తుంటే వాసనకే తెలిసేది. నీళ్ళు మాత్రం ఆట అయ్యాకే. మధ్యలో తాగితే కడుపు పట్టేస్తుందని నాకెవరు చెప్పారో గుర్తులేదు గానీ, నేను మాత్రం గొంతు చించుకుని చెప్పేవాణ్ణి.

"ఏంది సార్, గిట్ల ఎండల ఉరికిస్తరు? జరన్ని నీళ్ళు తాపుండ్రి" అనేది వంటమ్మ.

"ఉల్లిగడ్డ ఉంది గదా, ఫికర్ చెయ్యకు" అనేవాణ్ణి.

జట్టులో అందరికన్నా చురుకైన పిల్లను ఉడుత అని పిలిచేవాళ్ళం. ఆ రోజు ఉడుత స్తంభం దాకా పరుగెత్తి అక్కడే నిలబడిపోయింది. "అమ్మా, బర్రెను కట్టెయ్యి" అంటూ ఏదేదో మాట్లాడింది. పిల్లలు నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. మరుక్షణం కూలిపోయింది. ముట్టుకుంటే ఒళ్ళు పెనంలా కాలుతోంది. వంటమ్మ ఉరికొచ్చి, పిల్లను నీడకు లాగి, బిందెడు నీళ్ళు ఒంటిమీద కుమ్మరించి, తడి కొంగుతో విసురుతూ, "నిలబడి సూస్తవేందిరా? ఆటో పిలువు!" అని అరిచింది. (నాకు మర్యాద అక్కడితో సరి.) ఆటోలో ఆస్పత్రికి పోతుంటే పిల్ల గౌను జేబులోంచి ఉల్లిగడ్డ జారి నా కాళ్ళ దగ్గర దొర్లింది. నా మాట విని ఎంత భద్రంగా పెట్టుకుందో! నాకు ఏడుపు ఆగలేదు.

బతికింది. మూడో రోజు నన్ను గుర్తుపట్టి, "సార్, నేను ఔటా?" అంది. కానీ ఆ తర్వాత ఎండలో నాలుగడుగులు వేస్తే తల తిరిగేదట. వాళ్ళమ్మ మళ్ళీ ఆటకు పంపలేదు, పంపమని అడగడానికి నాకూ మొహం చెల్లలేదు.

ఇప్పుడు నా ఆట పొద్దున ఆరింటికి మొదలై ఎనిమిదికి బంద్. పావుగంటకోసారి విజిల్ వేసి నీళ్ళు తాగిస్తాను. పిల్లలు చాటుగా నన్ను 'కుండ సార్' అంటారు. మొన్న ఒక చిన్నది ముఖం ముడుచుకుని, "నాకు దూప అయితలేదు సార్" అంది.

"నాకు అయితుంది, తాగు" అన్నాను.

పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, గటగటా తాగేసింది. నవ్వొచ్చింది. ఈ పిల్లకు నాకు ఎదురుచెప్పే ధైర్యమైనా ఉంది. ఉడుత ఒక్కసారి కూడా నాతో దూప అయితుందని అనలేదు.